తూటాలో మందు తగ్గిస్తే భద్రమేనా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ అమెరికాలో ఉంటున్న మనవాళ్లవే. అందరూ అడిగింది పాతకాలపు రైఫిళ్ల నమూనాల (వాటిలాగే ఇప్పుడు చేసినవాటి) గురించి, వాటికి ఇంట్లో మెత్తటి తూటాలు, అంటే భుజాన్ని తక్కువ తన్నేవి, నింపుకోవడం గురించి. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్స్ అడగదు, నింపి అమ్మితే మాత్రం అడుగుతుంది. మన దేశంలో సంగతి పూర్తిగా వేరు, ఆ ప్రశ్న కూడా ఒకటి వచ్చింది, చివర్లో చెప్పాను.

ప్రశ్న: ఉబెర్టీ వాళ్ల 1873 వించెస్టర్ నమూనా కొన్నానండీ, .45 కోల్ట్ తూటాది. మా ఆవిడ, కాలేజీలో చదివే అమ్మాయి కూడా సరదాగా రేంజ్‌కి వస్తున్నారు కానీ పది రౌండ్లకే భుజం నొప్పి అంటున్నారు. తూటాలు నింపే ప్రెస్సూ, మందు తూచే కాటా అన్నీ తెచ్చుకున్నాను. తూటాలు నింపడం గురించిన పుస్తకంలో చెప్పిన మందులో సగమే పోస్తే తన్ను సగం అవుతుంది, రైఫిల్‌కీ భద్రం, అంతే కదా? — ప్లేనో, టెక్సస్

జవాబు: అంతే కాదండీ, సగం పోయకండి. పుస్తకంలో ప్రతి మందుకీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో రెండు అంకెలు ఉంటాయి. పై అంకె దాటకూడదని అందరికీ తెలుసు, కింది అంకె కిందికి సొంత లెక్కతో దిగకూడదని మాత్రం చాలామందికి తట్టదు. తక్కువ మందు అంటే తక్కువ ప్రమాదం అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

1873లో కోల్ట్ రివాల్వర్‌తో పాటు ఈ తూటా వచ్చినప్పుడు అందులో పోసింది 40 గ్రెయిన్ల (15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్లమందు, పైన 255 గ్రెయిన్ల సీసం బుల్లెట్. కేసు (తూటా ఇత్తడి గొట్టం) నిండా మందే, ఇంకో పిసరు పోద్దామన్నా చోటుండేది కాదు. మీరు వాడబోయే స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి పొగరాని మందు) దానికంటే ఎన్నో రెట్లు ఘాటైనది కాబట్టి, త్వరగా మండే రకమైతే ఆరేడు గ్రెయిన్లతోనే పని అయిపోతుంది, అది ఆ పెద్ద కేసులో అడుగున పడి ఉంటుంది. అసలు ప్రమాదమంతా ఆ మిగిలిన ఖాళీలోనే ఉంది. ఫోన్ మోగి లేచి వెళ్లి వచ్చి, అదే కేసులో ఇంకోసారి పోశారనుకోండి, అది పొంగి బయటికి రాదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది, తూటా పైకి మిగతావాటిలాగే ఉంటుంది. మెత్తటి తూటాలు నింపేవాళ్ల రైఫిల్ పగిలిందంటే మొదట అనుమానించాల్సింది ఈ డబుల్ చార్జినే.

ఇక రెండో వైపు చూడండి. మందు మరీ తగ్గితే బుల్లెట్ బ్యారెల్ దాటకుండా మధ్యలోనే ఇరుక్కోవచ్చు, ముఖ్యంగా రాగి తొడుగు ఉన్న బుల్లెట్, ఎందుకంటే అది సీసంలా సులువుగా జారదు. అప్పుడు ధన్ మని కాకుండా ఏదో ఫుస్సుమన్నట్టు వినిపిస్తుంది, లీవర్ ఆడించే అలవాటులో ఇంకో రౌండ్ ఎక్కించి కాల్చారంటే వెనక బుల్లెట్ వచ్చి ముందుదాన్ని గుద్దుకుని బ్యారెల్ ఉబ్బిపోతుంది, చీలినా చీలుతుంది. కాబట్టి చప్పుడు తేడాగా వస్తే, తన్ను తేడాగా అనిపిస్తే, ఆ క్షణమే ఆగాలి. మొన ముందుకే పెట్టి అర నిమిషం పట్టుకుని, ఆ తర్వాత రైఫిల్ పూర్తిగా ఖాళీ చేసి, బ్యారెల్లోకి రాడ్ దూర్చి చూశాకే తర్వాతి మాట. ఇది మీ ఆవిడకీ అమ్మాయికీ కాల్చడం కంటే ముందు నేర్పండి.

.45 కోల్ట్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. మందు పేలినప్పుడు ఇత్తడి గోడ ఉబ్బి చాంబర్‌కి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటుకి) అతుక్కుంటేనే పొగ వెనక్కి రాదు. ఈ తూటా గోడ కాస్త మందం, ఒత్తిడి తక్కువైతే సరిగ్గా అతుక్కోదు. కాల్చిన కేసు చేతిలోకి తీసుకుని చూడండి, ఒక పక్కంతా మసి చారలు కిందిదాకా పాకి ఉంటే ఆ పొగలో కొంత మీ మొహం వైపు వస్తోందని అర్థం. .44-40 అనే ఇంకో పాత తూటా వాడేవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ, దాని మెడ పల్చన. మీకున్నది .45 కాబట్టి, మసి మరీ ఎక్కువగా ఉంటే పుస్తకంలోని హద్దుల మధ్యే కొంచెం పైకి రండి. మరీ మెత్తగా చేయడం వల్ల లాభం లేదనడానికి ఇదొక్కటే చాలు.

పైహద్దు గురించి కూడా చెప్పాలి. 1873 రైఫిల్‌లో తూటాని వెనకనుంచి మూసే బోల్ట్‌ని పట్టి ఉంచేది మోకాలులా మడిచి చాచుకునే రెండు లింకులు. నునుపుగా ఆడుతుంది, చూడ్డానికి అందం, కానీ బలమైన ఏర్పాటు కాదు. 1892లో జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో వచ్చిన రైఫిల్ దీనికంటే ఎంతో గట్టిది. .45 కోల్ట్‌కి పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ ఒత్తిడి 14,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అదే పుస్తకంలో పక్క పేజీలో రూగర్ లాంటి గట్టి రివాల్వర్ల కోసమని వేరే పట్టిక ఉంటుంది, తూటా పేరు అదే కానీ ఒత్తిడి దాదాపు రెట్టింపు. ఆ పేజీ మీది కాదు. వీలైతే దాన్ని క్లిప్ పెట్టి మూసేయండి.

మరి నింపేటప్పుడు ఎలా? బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి, రెండో డబ్బా బీరువాలోనే ఉండాలి. పని అయ్యాక మిగిలిన మందు దాని డబ్బాలోకే పోవాలి, ఖాళీ ఊరగాయ సీసాల్లో పోసి చీటీ అంటించే పని వద్దు. యాభై కేసుల చెక్క దిమ్మలో అన్నిట్లోనూ మందు పోశాక, ఒక్కదానిలో కూడా బుల్లెట్ పెట్టకముందే టార్చి పట్టుకుని వరసగా లోపలికి చూడండి. ఒక్కోటి చూస్తే తేడా తెలియకపోవచ్చు, వరసలో చూస్తే మట్టం పైకున్నదీ కిందికున్నదీ కంటికి తగులుతుంది. అనుమానం వస్తే ఆ ఒక్కటి కాదు, దిమ్మ మొత్తం మళ్లీ డబ్బాలో గుమ్మరించి మొదటినుంచి పోయండి. వీలైతే పరిమాణంలో ఎక్కువగా ఉండి కేసుని బాగా నింపే మందు ఎంచుకోండి. ట్రైల్ బాస్ అనే మందుని చిన్న చిన్న గారెల్లా మధ్యలో చిల్లుతో చేసింది ఇందుకే, రెండుసార్లు పోస్తే పొంగి బయటపడాలని. కొన్నేళ్లుగా అది దొరకడమే కష్టమైపోయింది, దొరికితే మాత్రం దాన్ని కుక్కి నొక్కకండి. కాటా గ్రెయిన్లు చూపిస్తోందా గ్రాములు చూపిస్తోందా అని ప్రతిసారీ చూసుకోండి. ఒక గ్రాము అంటే 15 గ్రెయిన్ల పైమాటే, మన చేతులకి గ్రాములే అలవాటు, డిజిటల్ కాటాలో ఒక్క బటన్ తగిలితే మారిపోతుంది.

బుల్లెట్ మొన చదునుగా ఉన్నదే కొనండి. ఈ రైఫిల్‌లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, మొన వాడిగా ఉంటే అది ముందు తూటా ప్రైమర్ (దెబ్బ తగిలితే మందుని అంటించే అడుగు బిళ్ల) మీద ఆనుకుని ఉంటుంది, ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ గొట్టంలో స్ప్రింగ్ తోసే తోపుకి బుల్లెట్ కేసులోకి దిగిపోకుండా కేసు మూతిని గట్టిగా క్రింప్ చేయాలి, అంటే లోపలికి నొక్కి బిగించాలి. తూటా పొడవు 1.600 అంగుళాలు దాటకూడదు, అలాగని మరీ పొట్టిగా కూడా చేయకూడదు. 1873లో తూటాని పైకెత్తే దిమ్మ పొడవుని బట్టే పనిచేస్తుంది, తేడా వస్తే అక్కడే బిగుసుకుపోతుంది.

ఇంతకీ మీ ఇంట్లోవాళ్ల భుజం నొప్పికి తూటాలోని మందు ఒక్కటే కారణం అని నేననుకోను. ఆ రైఫిల్ బరువుకి .45 కోల్ట్ తన్ను పెద్దదేమీ కాదు. మీ రైఫిల్ మడమకి (భుజానికి ఆనే చివరకి) ఇనప పట్టీ నెలవంకలా లోపలికి వంగి ఉందేమో చూడండి. దాన్ని ఇప్పటి రైఫిల్‌లా భుజం గుంటలో పెడితే ఆ రెండు కొమ్ములూ గుచ్చుకుంటాయి. అప్పటివాళ్లు దాన్ని ఇంకా బయటికి, భుజం దాటి జబ్బ మొదట్లో, ఆ వంపు జబ్బని కౌగిలించేలా ఆనించేవారు. ముందు అది మార్చి చూడమనండి. ఆ తర్వాత 255 బదులు 200 గ్రెయిన్ల బుల్లెట్‌కి మారండి, ఆ బుల్లెట్‌కని పుస్తకంలో ఉన్న మొదలు అంకెతోనే. బుల్లెట్ బరువు తగ్గితే తన్ను దానంతటదే తగ్గుతుంది, మందుతో సొంత ప్రయోగాలు అక్కర్లేదు.

ప్రశ్న: .45-70 తూటా కాల్చే షార్ప్స్ రైఫిల్ నమూనా నాది, మా స్నేహితుడిది ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ నమూనా. అతను తన మార్లిన్ రైఫిల్ కోసం నింపిన తూటాలు మా రెండిట్లోనూ చక్కగా పడుతున్నాయి. కాల్చొచ్చా? మెత్తగా కావాలంటే బ్లాక్ పౌడర్ తగ్గించొచ్చా? — ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: కాల్చకండి. ఈ ఒక్క తూటాకే పెద్ద పుస్తకాలు మూడు పట్టికలు ఇస్తాయి: ట్రాప్‌డోర్‌కి ఒకటి, మార్లిన్ లాంటి లీవర్ రైఫిళ్లకి ఒకటి, ఇప్పటి గట్టి సింగిల్‌షాట్లకి (ఒక్కో తూటా పెట్టి కాల్చేవాటికి) ఒకటి. పరిశ్రమ పెట్టుకున్న మామూలు హద్దు 28,000 పీఎస్‌ఐ, మూడో పట్టిక 40,000 కూడా దాటుతుంది, మూడు రకాల తూటాలూ ఒకే చాంబర్‌లో ఒకేలా పడతాయి. ట్రాప్‌డోర్‌కి పైన తలుపులా తెరుచుకునే చిన్న మూతే ఆధారం, దానికి మొదటి పట్టిక తప్ప ఇంకేదీ వద్దు. షార్ప్స్ దానికంటే గట్టిదే, అయినా మెత్తటి తూటా కోసమే అడుగుతున్నారు కాబట్టి మీరూ మొదటి పట్టికలోనే ఉండండి. స్నేహితుడి డబ్బా మీద ‘మార్లిన్ మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాయించండి, ఒకే బల్ల మీద రెండు రకాలు కలిస్తే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

బ్లాక్ పౌడర్ దగ్గర నియమం తిరగబడుతుంది. స్మోక్‌లెస్‌తో కేసులో ఖాళీ ఉండటం మామూలే, బ్లాక్ పౌడర్‌తో మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ ఉండనే కూడదు. ఉంటే ఒత్తిడి అడ్డదిడ్డంగా పెరిగి, చాంబర్ దగ్గర లోహం ఉంగరంలా ఉబ్బిపోవచ్చు. అందుకని మందు తగ్గించారంటే ఆ చోటుని అట్ట బిళ్లలతోనో వాడ్ (మందు మీద పెట్టే మెత్తటి బిళ్ల)తోనో నింపి, బుల్లెట్ కాస్త అదిమేలా చూడాలి. ఇది కొత్త కిటుకు కాదు. 1873 నాటి అమెరికా సైన్యమే కాలిబంట్ల రైఫిల్‌కి 70 గ్రెయిన్లు పోసి, గుర్రపు దళం తేలిక కార్బైన్‌కి (పొట్టి రైఫిల్‌కి) అదే కేసులో అదే 405 గ్రెయిన్ల బుల్లెట్ కింద 55 గ్రెయిన్లే పోసేది, మిగిలిన చోటుని అట్టతో నింపేది. కొట్టుడు తట్టుకోలేకపోతే మందు తగ్గించుకోవడం నూట యాభై ఏళ్ల నాటి సైనికులకే అవసరమైంది, మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇప్పటి కేసుల అడుగు పాతవాటికంటే మందం కాబట్టి 70 గ్రెయిన్లు పట్టకపోతే కంగారుపడకండి. బ్లాక్ పౌడర్‌లో కొంత, స్మోక్‌లెస్ కొంత కలిపి పోస్తే మసి తగ్గుతుందని ఎవరైనా చెబితే వినొద్దు.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. తుపాకీ కొనే ఆలోచన లేదు. మా కొలీగ్‌కి సిటిజన్‌షిప్ ఉంది, అతని గరాజ్‌లో తూటాలు నింపడంలో సాయం చేస్తూ నేర్చుకుంటున్నాను, ఓ డబ్బా నా కారులోనే ఉంది. ఇందులో తప్పేం లేదు కదా? — అట్లాంటా

జవాబు: ఆ డబ్బా ఈరోజే అతనికి ఇచ్చేయండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ మాత్రమే కాదు, తూటాలు కూడా దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1, హెచ్-4 అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అందులో మనవాళ్లకి పనికొచ్చేది అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది ఉన్నా సరే, రాష్ట్ర చట్టాలు వేరేగా ఉండొచ్చు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి ఆ తర్వాతే చేయి పెట్టండి. గ్రీన్ కార్డ్ కోసం పదేళ్లుగా లైన్లో నిలబడ్డవాళ్లు ఒక డబ్బా తూటాల కోసం కేసులో ఇరుక్కోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చదువుకోవడానికి, పుస్తకాలు తిరగేయడానికి ఏ వీసా అడ్డం కాదు.

ప్రశ్న: మావారు గరాజ్‌లో సీసం కరిగించి బుల్లెట్లు పోస్తున్నారు, పక్కనే నా వాషింగ్ మెషీన్. ఇద్దరు చిన్నపిల్లలు. ‘ఏం కాదు, తలుపు తీసే ఉంచుతున్నా’ అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. — కొలంబస్, ఒహాయో

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే అమ్మా, ఈ జవాబు ఆయనకి కూడా చదివి వినిపించండి. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఉండొచ్చు అనే భద్రమైన హద్దు లేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి డెసిలీటర్ రక్తంలో 3.5 మైక్రోగ్రాములు కనిపిస్తే చాలు, పట్టించుకోవాలని చెబుతోంది. పిల్లల డాక్టర్‌తో చెప్పి ఇద్దరికీ ఒకసారి రక్తపరీక్ష చేయించండి, ఆయనకి కూడా.

పొగ కంటే ఎక్కువ భయపడాల్సింది దుమ్ముకి. కరిగిన సీసం పైన తేలే బూడిదరంగు మడ్డిని గరిటెతో తీసి పక్కన పడేస్తారు, అది ఎండి పొడై నేలంతా చేరుతుంది. కాల్చిన కేసుల్ని పొడి రజనులో వేసి యంత్రంలో తిప్పి శుభ్రం చేస్తారు కదా, ఆ రజనులో ప్రైమర్ తాలూకు సీసం ఉంటుంది, మూత తీసి జల్లెడ పట్టగానే లేచే దుమ్ము అదే. అది బట్టలకంటి, చెప్పులకంటి ఇంట్లోకి వస్తుంది, పాకే పిల్లల చేతులకి అంటుకుంటుంది. కాబట్టి ఆ బల్ల వాషింగ్ మెషీన్ దగ్గర ఉండకూడదు. పోత పని బయట, గాలి ఆడే చోట. కేసుల్ని నీళ్లలో సబ్బుతో తిప్పే పద్ధతికి మారితే దుమ్ము లేవదు, ఆ నీళ్లు మాత్రం వంటింటి సింకులో పారబోయకూడదు. పని బట్టలు, బూట్లు విడిగా, ఉతుకుడు కూడా విడిగా. పొడి చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డని ఎత్తుకోవాలి, ఆ బల్ల దగ్గర కాఫీ తాగడం కూడా వద్దు. పాతదే కదా అని వంటింటి గిన్నె తీసుకెళ్లారంటే అది మళ్లీ వంటింటికి రాకూడదు. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా అది ఒక్కసారిగా ఎగిరి చిమ్ముతుంది, మొహానికి అద్దం, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఆయన్ని అక్కడ నిలబడనివ్వకండి. పిల్లలు ఇంత చిన్నగా ఉన్నన్నాళ్లు పోత మానేసి, తయారైన బుల్లెట్లు కొనుక్కోవడమే నా సలహా. నింపుడు సరదా అందులోనూ మిగిలే ఉంటుంది.

ప్రశ్న: మూతి నుంచి నింపే రైఫిల్ నమూనాలో కొద్దిగా స్మోక్‌లెస్ వేస్తే కడగడం తప్పుతుందా? — ఇండియానాపోలిస్

జవాబు: కొద్దిగా కూడా వద్దు, ఎప్పటికీ వద్దు. బ్యారెల్ మీద బ్లాక్ పౌడర్ మాత్రమే అని చెక్కి ఉంటుంది చూడండి, ఆ మాటలో బేరం లేదు. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు వాడొచ్చు, వాటికీ కడగడం తప్పదు. కడగడం కష్టమేమీ కాదండీ, వేడినీళ్లు, కాస్త గిన్నెల సబ్బు, గుడ్డముక్కలు, చివర నూనె. అదే రోజు చేయాలి, ఆ మసి గాల్లో తేమని లాక్కుని తెల్లారేసరికి తుప్పు మొదలుపెడుతుంది. కాల్చేటప్పుడు బుల్లెట్‌కి, గుడ్డకి తేనెమైనం, జంతు కొవ్వు కలిపిన జిడ్డు వాడండి, పెట్రోలియం జిడ్డు బ్లాక్ పౌడర్ మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. మీకు దగ్గర్లోనే ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు జరుగుతాయి, ఒకసారి వెళ్లి ఊరికే నిలబడి చూసినా చాలా తెలుస్తుంది.

ప్రశ్న: మా తాతగారి నాటి మూతి నుంచి నింపే తుపాకీ అటక మీద దొరికింది. పనిచేసేలాగే ఉంది. మా బావ అమెరికా నుంచి వస్తూ తూటాలు నింపే ప్రెస్సు, కొన్ని ఖాళీ కేసులు తెస్తానంటున్నాడు, నా దగ్గర ఓ పాత షికారు రైఫిల్ కూడా ఉంది, లైసెన్స్ ఉన్నదే. పాతవస్తువులకి చట్టం వర్తించదంటారు, నిజమేనా? — రాజమహేంద్రవరం

జవాబు: సగమే నిజం. 1959 ఆయుధాల చట్టం పాతకాలపు ఆయుధాలకి ఇచ్చే మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానివాటికే. మీది పనిచేసేలా ఉందని మీరే రాశారు, అంటే దానికి లైసెన్స్ ఉండాలి. తాతగారి పేరున పాత లైసెన్స్ కాగితాలు ఏమైనా ఉన్నాయేమో వెతికి, ఉన్నా లేకపోయినా ఒక లాయర్‌ని వెంటబెట్టుకుని స్టేషన్‌లో విషయం చెప్పండి. మీ అంతట మీరు వెళ్లి చెప్పడం వేరు, వాళ్లు సోదాలో పట్టుకోవడం వేరు. ఈలోగా దాన్ని కాల్చి చూడటం, దాని గుర్రం (సుత్తి) లాగి చూడటం వద్దు. ఎన్నో ఏళ్ల కిందట పోసిన మందు లోపల ఇంకా ఉండి ఉండొచ్చు, అది ఇప్పటికీ పేలుతుంది. మొన ఎవరివైపూ లేకుండా ఉంచి, లైసెన్స్ ఉన్న తుపాకీ పనివాడి చేత చూపించాల్సిన పని అది.

ప్రెస్సు సంగతి ఇంకా ముఖ్యం, మీ బావకి ఈరోజే ఫోన్ చేయండి. మన చట్టంలో మందుగుండు అనే నిర్వచనంలోకి తూటాల విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. తూటాలు తయారుచేయడానికి వేరే లైసెన్స్ కావాలి, మీ రైఫిల్ లైసెన్స్ దానికి పనికిరాదు. అక్కడ షాపులో కుక్కర్ కొన్నంత తేలిగ్గా కొన్న వస్తువు శంషాబాద్‌లో దిగేసరికి కేసు అవుతుంది. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయాల్లో పట్టుబడుతున్నవాళ్లు మన దేశంలో ఏటా ఉంటూనే ఉన్నారు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ప్రయాణానికి వాడొద్దని, వాడక తప్పకపోతే ప్రతి జేబూ తిరగేసి దులిపి చూడమని ఆయనకి చెప్పండి. మీ షికారు రైఫిల్‌కి తూటాలు మీ లైసెన్స్ మీద, అనుమతి ఉన్న డీలర్ దగ్గరే కొనండి.